కీళ్లవాతం, కాపురం, కథల కోర్సు: బాగోని రోజును బట్టి ప్లాన్ వేసుకోవడం ఎలా

మొదటి ఏడాది నా చదువును పాడుచేసింది ఒక టైమ్‌టేబుల్. ఒంట్లో బాగున్న ఒక ఆదివారం మధ్యాహ్నం పాప స్కెచ్ పెన్నులు తీసుకుని నేనే గీసుకున్నాను. పొద్దున 5 నుంచి 6:30 దాకా రాయడం, రాత్రి 9 నుంచి 10 దాకా చదవడం, శనివారం క్లాసు. ఫ్రిజ్ మీద అంటించాను. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పొద్దున వేళ్లు ముడుచుకోనే లేదు. వేణ్నీళ్ల బకెట్లో చేతులు పెట్టుకుని బాత్రూమ్‌లోనే కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అప్పులవాడు ఎదురుపడ్డట్టు ఉండేది.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో కీళ్లవాతం అంటారు. మేం చెన్నైలో పెరంబూర్‌లో ఉంటాం. ఆయనది షిఫ్టు ఉద్యోగం. అత్తయ్య మాతోనే ఉంటారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి మూడో తరగతి. ఆన్‌లైన్‌లో కథారచన కోర్సు చేస్తున్నాను, ఇది రెండో ఏడాది. ఈ రెండేళ్లలో తెలిసొచ్చింది ఒకటే: ప్లాన్ ఎప్పుడూ బాగోని రోజుకి సరిపడా వేసుకోవాలి. బాగున్న రోజు ఇంకాస్త రాయగలిగితే అది లాభం కింద లెక్క. లూపస్, మైగ్రేన్, షుగర్, ఏ దీర్ఘకాల జబ్బున్నా ఈ పద్ధతిని మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు. మందుల విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే మాట.

1. ముందు మూడు వారాలు ఒంటికి లెక్క రాయండి

కోర్సులో చేరకముందే చేయాల్సిన పని ఇది. చేరిపోయి ఉంటే ఇవాళే మొదలుపెట్టండి. కాగితం క్యాలెండర్ చాలు, యాప్ అక్కర్లేదు. రోజూ రాత్రి ఆ తేదీ గడిలో ఒక గుర్తు పెట్టాలి. ఇంటిపని, బయటిపని చేసుకున్నాక కూడా ఓపిక మిగిలిన రోజు పున్నమి, లోపల నింపని తెల్ల సున్నా. ఇంటిపనితోనే సరిపోయిన రోజు అష్టమి, సగం సున్నా. లేచి తిరగడమే గగనమైన రోజు అమావాస్య, నల్లగా నింపిన సున్నా.

ఈ పేర్లు పిల్లలకి వెంటనే పట్టుబడ్డాయి. స్కూల్ నుంచి వస్తూనే "అమ్మా, ఇవాళ ఏంటి?" అని అడుగుతారు. ఇంట్లో పొద్దస్తమానం అమావాస్య మాట ఎత్తడం అత్తయ్యకి మొదట్లో నచ్చలేదు. తర్వాత ఆవిడే సర్దుకున్నారు, "ఇక్కడ తమిళవాళ్లకి అమావాస్య మంచిరోజేలే" అని. నిజమే, మనం ఏ పనీ మొదలుపెట్టని రోజున మా ఎదురింటివాళ్లు కొత్త బండి కొన్నారు.

గుర్తు పక్కన రెండు విషయాలు రాయండి. పొద్దున బిగుసుకున్న కీళ్లు ఎన్ని గంటలకి వదిలాయి? ఆ రోజు ఏ మందు పడింది? కీళ్లవాతంలో పొద్దుటి బిగుతు గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఉండటం మామూలే. అందుకే "తెల్లారుజామున లేచి రాయండి" అని అందరూ ఇచ్చే సలహా మనకి పనికిరాదు. నా క్యాలెండర్‌లో బిగుతు దాదాపు తొమ్మిదిన్నరకి వదులుతున్నట్టు తేలింది. పదకొండుకి అత్తయ్య టీవీ ముందు కూర్చుంటారు, ఇక రాయడం కుదరదు. అంటే నాకు నిజంగా దొరికేది పది నుంచి పదకొండు. ఆ గంట తొమ్మిదేళ్లుగా నా కళ్లముందే ఉంది. నేనేమో దాన్ని బట్టలు మడతపెట్టడానికి ఖర్చుపెడుతున్నాను.

మందు లెక్క వల్ల ఇంకో మేలు జరిగింది. నేను వాడే మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే వేసుకోవాల్సిన రోజు పేరు స్ట్రిప్ మీద పెన్నుతో రాసి పెట్టుకుంటాను. వేసుకున్న మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి. నేను శుక్రవారం రాత్రి వేసుకునేదాన్ని, క్లాసేమో శనివారం. మూడు వారాలూ శనివారం గడిలో నల్ల సున్నాయే. ఆ కాగితం తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించి, "వేరే రోజుకి మార్చుకోవచ్చా?" అని అడిగాను. ఎలా జరపాలో ఆయన చెప్పారు, ఆదివారం రాత్రికి మారింది. ఇంత చిన్న విషయానికి ఏడాదిపాటు క్లాసులో కెమెరా ఆపేసి పడుకున్నాను. సొంతంగా మాత్రం మార్చకండి, అడిగి మార్చుకోండి.

2. ఆ లెక్కతోనే కోర్సును కొలవండి

నా 21 రోజుల్లో పున్నములు ఐదు, అష్టములు పదకొండు, అమావాస్యలు ఐదు. అంటే వారానికి గట్టిగా రాయగలిగేది ఒకటి రెండు రోజులు. ఏ కోర్సు అయినా వారానికి పదిహేను గంటలు అడిగితే అది ఎంత గొప్పదైనా నాకు కాదు.

ఫీజు కట్టే ముందు నాలుగు సంగతులు అడగండి. క్లాసు రికార్డింగ్ ఇస్తారా? హాజరు తప్పనిసరా? మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించవచ్చా? గడువు తప్పితే మార్కులు కోస్తారా, అసలు తీసుకోరా? మొదటిసారి ఇవేవీ అడగకుండా ఒకచోట ఆరువేలు కట్టాను. ఒంట్లో బాగాలేక రెండు క్లాసులు తప్పాయి, గ్రూపులోంచి తీసేశారు. డబ్బు రాలేదు. తప్పు నాదీ ఉంది, వాళ్ల నియమాలు చదవలేదు.

మనలాంటివాళ్లకి గరిష్ఠ కాలపరిమితి చాలా ముఖ్యం. ఉదాహరణకి ఇగ్నో అనే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది. కనీసం ఏడాది, గరిష్ఠం మూడేళ్లు. అంటే ఏడాది పనిని మూడేళ్లకి పరుచుకోవచ్చు. ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో పరీక్షలుంటాయి, ఏ విడతలో ఏ పేపర్ రాయాలో మనమే చూసుకోవచ్చు. చిక్కల్లా అది ఇంగ్లిష్‌లో ఉండటమే. తెలుగులో రాయాలనుకునేవాళ్లకి కథ నిర్మాణం, కవిత, ఫీచర్ రాయడం లాంటి పాఠాలు పనికొస్తాయి కానీ వాక్యం మాత్రం మనమే సాధన చేసుకోవాలి.

చెన్నైలో ఉన్నవాళ్లు ఊరి వానలు, ఎండలు, పిల్లల పరీక్షలు కూడా లెక్కలో వేసుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. కలెక్టర్ పొద్దున్నే స్కూళ్లకి సెలవు ప్రకటిస్తే ఆ రోజు మీరు రాసుకునే గంట పోయినట్టే. దాని వెనకే పిల్లల అర్ధసంవత్సర పరీక్షలు. మే నెలలో కత్తిరి ఎండలు. పెద్ద అసైన్‌మెంట్లు ఏవైనా ఉంటే జనవరి నుంచి మార్చి మధ్యకి, లేదా జులై, ఆగస్టులకి జరుపుకునే వీలుందేమో చూడండి.

3. చెప్పాల్సినవాళ్లకి ముందే చెప్పండి

ఒంట్లో బాగాలేని రోజు సంజాయిషీ రాసుకోవడం కంటే బాగున్న రోజు సమాచారం ఇవ్వడం తేలిక. మొదటి వారంలోనే కోర్సు నడిపేవాళ్లకి ఒక మెసేజ్ పంపండి. నేను పంపింది ఇది:

"నమస్కారం సార్. నాకు కీళ్లవాతం ఉంది. నెలలో కొన్ని రోజులు చేతులతో టైప్ చేయలేను. ఆ రోజుల్లో అసైన్‌మెంట్ గడువుకి ముందే మీకు ఒక్క ముక్క మెసేజ్ పెడతాను, నాలుగు రోజులు అదనంగా ఇవ్వగలరా? క్లాసులో కెమెరా ఆపినా వింటూనే ఉంటాను."

చూడండి, ఇందులో జబ్బు చరిత్ర లేదు, క్షమాపణ లేదు. ఏం కావాలో, ఎన్ని రోజులు కావాలో ఉంది. "కాస్త వీలు చూడండి" అంటే అవతలివాళ్లకి ఏం చేయాలో తెలియదు. నాలుగు రోజులంటే అవుననో కాదనో అంటారు.

పరీక్షలు రాసే కోర్సు అయితే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కీళ్లవాతం పేరు విడిగా అందులో లేదు కానీ, దానివల్ల కాళ్లూచేతుల కదలిక దెబ్బతింటే లోకోమోటర్ వైకల్యం కింద అంచనా వేస్తారు. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్, వయసులో ఐదేళ్ల సడలింపు వర్తిస్తాయి. 40 శాతం లేకపోతే? రాస్తుంటే చెయ్యి పట్టేసే రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, స్క్రైబ్‌ని, అంటే మన బదులు పరీక్ష రాసిపెట్టే మనిషిని, ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనే షరతు పెట్టకూడదని చెప్పింది. ఆ తర్వాత 2022లో కేంద్రం 40 శాతం కంటే తక్కువ ఉండి, చేత్తో రాయలేనివాళ్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటి నియమాల ప్రకారం ప్రభుత్వ వైద్యాధికారి సర్టిఫికెట్ ఉంటే గంటకి 20 నిమిషాల అదనపు సమయం అడగొచ్చు; ఇప్పటి నియమాలు ఒకసారి కనుక్కోండి. పరీక్ష ఫారం నింపేటప్పుడే ఈ పని మొదలుపెట్టండి. సర్టిఫికెట్ కోసం తిరిగే తిరుగుడే రెండు పున్నములు మింగేస్తుంది.

4. ఇంట్లో ఒప్పందం

"నాకు టైమ్ కావాలి" అని ఇంట్లో అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ ఇవ్వరు కూడా. ఒక్కొక్కరిని ఒక్కొక్క పని అడగాలి.

మా ఇంట్లో గొడవంతా ఇడ్లీపిండి దగ్గర మొదలైంది. గ్రైండర్ రాయి ఎత్తి కడగడం నా మణికట్టుకి పడదు. కొన్న పిండి అత్తయ్యకి పడదు. సందు చివర కొట్లో ప్యాకెట్ తెచ్చిన రోజు ఆవిడ ఇడ్లీ ముట్టుకోలేదు. రెండు రోజులాగి, పున్నమి రోజు చూసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, వారంలో నాలుగు రోజులు కొన్న పిండి, మూడు రోజులు ఇంటి పిండి. రాయి ఆయన కడుగుతారు."

"వాడు కడిగితే రాయికి పిండి అంటుకునే ఉంటుందే."

"ఉండనివ్వండి. ఆ అరగంట నేను రాసుకుంటాను."

"రాసి ఏం చేస్తావు?"

ఈ ప్రశ్నకి జవాబు ముందే తయారుచేసుకోండి. నేను చేసుకోలేదు. "కోర్సు అండీ, ఫీజు కట్టాం" అన్నాను. డబ్బు మాట పనిచేసింది. ఆవిడ మూడు రోజులు ఇంటి పిండే తింటారు, మిగతా నాలుగు రోజులు ఉప్మా చేసుకుంటారు. అదీ ఒప్పందమే.

ఆయన్ని అడిగింది వేరు. "ఏవండీ, నాకు అమావాస్య అని పిల్లలు చెప్పిన రోజు రాత్రి వంట గురించి నన్ను అడగకండి. అన్నం, రసం, అప్పడం. లేదంటే హోటల్ పార్శిల్." షిఫ్టు దిగి వచ్చిన మనిషి "ఏం చేద్దాం?" అని అడగడం ప్రేమతోనే కానీ, ఆ రోజు ఆలోచించడమే నాకు పెద్ద బరువు. నిర్ణయాలు ముందే అయిపోయి ఉంటే ఓపిక మిగులుతుంది. పిల్లలకి ఒక్కటే నియమం: తలుపు మీద ఎర్ర రిబ్బన్ ఉంటే రక్తం కారితేనే పిలవాలి. మావాడు మొదటి వారం మోకాలు చూపించి "ఇది రక్తమేనా?" అని ఐదుసార్లు అడిగాడు.

5. మూడు రకాల రోజులకి మూడు రకాల పనులు

అసలు కీలకం ఇక్కడుంది. రాయడం అంటే కూర్చుని కొత్త పేజీ నింపడమే అనుకుంటే ఏడాదిలో మూడొంతులు చేతులు కట్టుకుని కూర్చోవాలి. పనిని ముక్కలు చేసి మూడు కవర్లలో పెట్టుకోండి.

పున్నమి కవర్‌లో కొత్త సీను రాయడం, క్లాసులో ఇచ్చిన ఎక్సర్‌సైజ్. అదీ ఒక్క గంటే. బాగుంది కదా అని మూడు గంటలు బాదితే తర్వాతి రెండు రోజులు నల్ల సున్నాలే పడతాయి, నా క్యాలెండర్ సాక్షి. ఇరవై నిమిషాలకోసారి లేచి చేతులు చాపుకోవాలి, సీను మధ్యలో ఉన్నా సరే. వాక్యం సగంలో ఆపేసి లేవడం మొదట్లో చిరాకు. కానీ తిరిగి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసి ఉంటుంది.

అష్టమి కవర్‌లో దిద్దుకోవడం, తోటివాళ్ల కథ చదివి నాలుగు ముక్కలు చెప్పడం, చదవాల్సిన కథ చదవడం. హాస్పిటల్ రోజు కూడా అష్టమి కిందే వేస్తాను. రక్తపరీక్షకి ఇచ్చి, రిపోర్టు వచ్చి, డాక్టర్ పిలిచేదాకా మూడు గంటలు. ఆ కుర్చీల్లో కూర్చుని విన్న మాటలు ఏ క్లాసులోనూ దొరకవు.

అమావాస్య కవర్‌లో పడుకుని చేసేవి. రికార్డు చేసిన క్లాసు వినడం. లేదా రోజుకి ఒక్క వాక్యం ఫోన్‌కి చెప్పడం, చూసింది, విన్నది, ఏదైనా. "నర్సమ్మ సూది గుచ్చుతూ తన కూతురి పెళ్లి సంబంధం గురించి ఫోన్‌లో మాట్లాడుతోంది." అంతే. ఆ రోజు చదువు అయిపోయింది, అపరాధభావం అక్కర్లేదు.

6. చేతులకి బదులు నోరు

ఫోన్‌లో జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని మైక్ గుర్తు నొక్కితే చెప్పింది టైప్ అవుతుంది. కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌లోనూ ఆ సదుపాయం ఉంది. నా కథల్లో మూడొంతులు నోటితో రాసినవే.

అలవాటు పడటానికి నెల పట్టింది. "అత్తయ్య ఉసూరుమంది" అంటే "అత్తయ్య ఊసు రమ్మంది" అని పడింది. వీలైనంతవరకు రెండు మూడు వాక్యాలు చెప్పి ఆపండి, చూసుకోండి. తప్పుల్ని అప్పుడే దిద్దకండి, ధార తెగిపోతుంది. అర్థం కాకుండా పోతుందనుకున్నచోట మాత్రం అదే మాట ఇంకోసారి చెప్పి వదిలేయండి. ఫుల్‌స్టాపులు, పేరాలు అష్టమి రోజు పెట్టుకోవచ్చు. నోటితో రాయడంలో ఒక లాభం ఉంది: సంభాషణలు మనుషులు మాట్లాడినట్టే వస్తాయి. నష్టం కూడా ఉంది, వర్ణన సాగిపోతుంది. నేను దిద్దేటప్పుడు ప్రతి పేరాలోనూ మొదటి వాక్యం తీసేసి చూస్తాను, సగంసార్లు అది అక్కర్లేదు.

చేత్తో రాయాల్సి వస్తే లావుపాటి పెన్ను వాడండి, సన్నపు పెన్నుని వేళ్లు గట్టిగా నొక్కిపట్టాలి. మామూలు పెన్నుకి గుడ్డపేలిక చుట్టి రబ్బరుబ్యాండ్ వేసినా పని జరుగుతుంది.

లైబ్రరీకి వెళ్లాలనిపించిన పున్నమి రోజు ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మెట్లంటే భయమున్నవాళ్లకి కొట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి లైబ్రరీ మేలు, లిఫ్టులున్నాయి. మైలాపూర్ వైపు వెళ్తే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో కాసేపు కూర్చుంటాను. నొప్పికి అమృతాంజనం అమ్మి, ఆ రాబడి మీద ఆంధ్రపత్రిక, 1924 నుంచి భారతి నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పేరు మీదే ఆ పార్కు. నొప్పికీ తెలుగు సాహిత్యానికీ ఈ ఊళ్లో పాత చుట్టరికమే.

7. నొప్పి తిరగబెట్టిన వారం

వస్తుంది. ప్లాన్‌లో దానికి చోటుండాలి. నా నియమం: వరసగా మూడు నల్ల సున్నాలు పడితే కోర్సు వారం పాటు బంద్. ముందే డ్రాఫ్ట్‌లో ఉన్న మెసేజ్ పంపడం, డాక్టర్‌కి ఫోన్ చేయడం, అంతే. జ్వరం కూడా ఉంటే ఫోన్ ముందు, మెసేజ్ తర్వాత. మనం వాడే మందులు కొన్ని రోగనిరోధకశక్తిని తగ్గిస్తాయి, జ్వరాన్ని చూద్దాంలే అని వదిలేయకూడదు. గడువు ఉంది కదా అని స్టెరాయిడ్ మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఒకసారి అది నేనే. డాక్టర్ చేతిలో గట్టిగా తిట్లు తిన్నాను.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు వెనకబడ్డ పాఠాలన్నీ ముందేసుకోకండి. కథలో చివరి పేజీ ఒక్కటే చదవండి, దానికి ఒక్క వాక్యం కలపండి. తప్పిపోయిన క్లాసులు అమావాస్య కవర్‌లో వేసేస్తే వాటంతటవే తరుగుతాయి.

8. చదివి వినిపించండి

ఇక్కడి స్కూళ్లలో 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అత్తయ్యకి కళ్లు ఆనవు. కాబట్టి మా ఇంట్లో నేను రాసింది ఎవరూ చదవరు, వింటారు. రాత్రి ఏడున్నరకి, సీరియల్‌కి ముందు పది నిమిషాలు. కోర్సు ఫీడ్‌బ్యాక్ వచ్చేసరికి రెండు వారాలు పడుతుంది, వీళ్లది అప్పటికప్పుడే వస్తుంది. అబ్బాయి చాపమీద దొర్లడం మొదలుపెట్టిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను. ఆ పేరా తగ్గించాలన్నమాట.

ఇంట్లోవాళ్లని కథలో పెడితే మాత్రం జాగ్రత్త. అత్తగారి పాత్రకి మా అత్తయ్య ముక్కుపుడక పెట్టాను, వింటూ ఆవిడ చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్లింది. మర్నాడు పుడక తీసేశాను, కథలోంచి. ఊరు మార్చండి, వయసు మార్చండి, వాళ్లకి నొప్పి కలిగే సంగతి అయితే వినిపించే ముందు ఒక్కమాట అడగండి.

మొన్న పప్పు వండే సీను చదివాను. రెండు పేజీలు. కోడలు, కుక్కర్, కిటికీలోంచి వాన, నాకు చాలా నచ్చింది. ఎవరూ దొర్లలేదు. చివర్లో అత్తయ్య అడిగారు:

"అమ్మాయ్, అందులో చింతపండు ఎప్పుడు వేసిందీ?"

వెయ్యలేదు. రేపు అష్టమి అయితే ఆ వాక్యం రాయాలి.